బండి స్టార్ట్ కాకపోతే ముందు ఏం చూడాలి?



చదువు పూర్తయ్యాక డ్రైవింగ్‌నే జీవనాధారం చేసుకునేవారు మనలోనూ ఉంటారు. హైదరాబాద్‌లో అలాంటి వారికి పని దొరికే చోట్లలో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఒకటి. 1976లో ప్రారంభమైన అన్నపూర్ణ స్టూడియోస్, ఫిల్మ్‌నగర్‌లోని రామానాయుడు స్టూడియోస్ ఇక్కడివే. తెల్లవారుజామున కృష్ణానగర్‌లో ఆర్టిస్టులను ఎక్కించుకోవలసిన బండి మొరాయిస్తే షూటింగ్ ఆలస్యమవుతుంది. డ్రైవరుకు ఆ రోజు బేటా పోతుంది, తెలియకపోతే మెకానిక్ ఖర్చు కూడా మీద పడుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

షూటింగ్ బండి నడిచేది తక్కువ, ఆగి ఉండేది ఎక్కువ. ఇంజన్ ఆపి లైట్లు, పాటలు, ఫోన్ ఛార్జర్లు వాడితే ఆ కరెంటంతా బ్యాటరీదే. స్కూల్లో నేర్చుకున్న లెక్కే చూడండి. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితే 110 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు గంటల్లోపే ఖాళీ. సెల్ఫ్ తిరగడం అంతకంటే ముందే ఆగిపోతుంది.

తాళం తిప్పినప్పుడు బండి ఏం చెబుతోందో వినండి.

1. డాష్‌బోర్డు లైట్లే రాకపోతే: బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినల్ ఊడి ఉండాలి, లేదా మెయిన్ ఫ్యూజ్ పోయి ఉండాలి.

2. 'టకటకటక' మంటే: ఛార్జింగ్ చాలదు, లేదా టెర్మినళ్లు వదులుగా ఉన్నాయి, వాటికి తెల్లని, పచ్చని పొడి పట్టింది. శుభ్రం చేసి బిగిస్తే చాలాసార్లు బండి అందుకుంటుంది.

3. లైట్లు తగ్గకుండా ఒక్కసారి 'టక్' మని ఆగితే: అనుమానం సెల్ఫ్ మోటారు మీద.

4. లైట్లు బాగున్నా చప్పుడే లేకపోతే: ఆటోమేటిక్ బండి గేరు పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో ఉందా, కొన్ని కార్లలో క్లచ్ నొక్కామా చూడాలి. తరువాత సెల్ఫ్ ఫ్యూజ్, రిలే.

5. ఇంజన్ చురుగ్గా తిరుగుతున్నా అందుకోకపోతే: బ్యాటరీని నిందించవద్దు. పెట్రోలు పంపు ఫ్యూజ్ చూడండి.

ఒక చిన్న మల్టీమీటరు డ్రైవరుకు మంచి నేస్తం. కొన్ని గంటలు ఆగి ఉన్న బండి బ్యాటరీలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే ఉన్నట్టు. ఇంజన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.5 వరకు రావాలి. అప్పుడు కూడా 12 దగ్గరే నిలిస్తే డైనమో ఛార్జ్ చేయడం లేదన్నమాట. అలాంటి బండికి కొత్త బ్యాటరీ వేసినా అదీ దిగిపోతుంది. డబ్బు దండగ.

కొన్ని జాగ్రత్తలు: టెర్మినళ్లు విప్పేటప్పుడు ముందు నెగెటివ్ తీయండి, బిగించేటప్పుడు చివర పెట్టండి. బ్యాటరీ దగ్గర నిప్పు వద్దు, దాని నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. పోయిన ఫ్యూజ్ స్థానంలో తీగ చుట్టవద్దు, వైరింగ్ కాలుతుంది. జూబ్లీహిల్స్ వాలు రోడ్డు మీద బండిని దొర్లించి స్టార్ట్ చేద్దామని చూడవద్దు. ఇంజన్ ఆగి ఉంటే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది. ఆటోమేటిక్ బండి ఎటూ అలా స్టార్ట్ కాదు.

ఇంత చూశాక మెకానిక్‌ను పిలవండి. "బండి స్టార్ట్ కావట్లేదన్నా" అనడం కంటే, "బ్యాటరీ 12.6 ఉంది, ఒక్కసారే టక్ మంటోంది" అనండి. అప్పుడు అక్కరలేని పనికి బిల్లు పడదు.