ఊపిరితిత్తుల క్యాన్సరు ఉన్నవారికి హఠాత్తుగా కడుపునొప్పి వస్తే

ఊపిరితిత్తుల క్యాన్సరు అనగానే దగ్గు, ఆయాసం, కఫంలో రక్తం గుర్తుకు వస్తాయి. అయితే ఈ జబ్బు ఉన్న మనిషికి ఒక రాత్రి హఠాత్తుగా భరించలేని కడుపునొప్పి వస్తే? గ్యాసు అనుకొని వామునీళ్లు పట్టి తెల్లవారేదాకా ఆగవచ్చా? ఆగకూడదు. ఎందుకో తెలుసుకోండి.

పేగులకు ఎలా చేరుతుంది?

క్యాన్సరు కణాలు రక్తంలో కలిసి ఇతర అవయవాలకు వెళతాయి. ఊపిరితిత్తుల నుండి ఎక్కువగా మెదడు, ఎముకలు, కాలేయం, మూత్రపిండాలపై ఉండే ఎడ్రినల్ గ్రంథులకు పాకుతాయి. అరుదుగా చిన్నపేగు గోడలో గడ్డ కడతాయి. ఆ గడ్డ పేగును మూసివేయవచ్చు, గడ్డ నుండి రక్తం కారవచ్చు, పేగుకు చిల్లు పడవచ్చు. చిల్లు పడితే పేగులోని మలినం కడుపులోకి చేరి, గంటలలోనే ప్రాణాపాయం ఏర్పడుతుంది.

కొందరిలో కడుపుబాధే మొదటి గుర్తు. ఊపిరితిత్తిలో గడ్డ ఉన్నట్లు ఆ తరువాతే బయటపడుతుంది. అందుచేత చుట్ట, బీడీ, అడ్డపొగ అలవాటు ఉంటే, ఆడవారైనా మగవారైనా, దాచకుండా డాక్టరుకు చెప్పండి.

ప్రమాద సూచనలు

1. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, పొట్ట చెక్కలా బిగుసుకోవడం.
2. పొట్ట ఉబ్బరం, ఆగని వాంతులు, విరేచనం గాని గాలి గాని పోకపోవడం.
3. తారులాంటి నల్లని విరేచనం, కళ్లు తిరగడం.

స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికి చిల్లు పడినా నొప్పి, జ్వరం అంతగా తెలియకపోవచ్చు. చెమటలు పట్టి, మనిషి నీరసించిపోతే అశ్రద్ధ చేయకండి.

మీరు చేయవలసినది

తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. విరేచనాల మందు, ఎనిమా వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. కీమోథెరపీ విశాఖలో జరుగుతోందని నేరుగా అంత దూరం బయలుదేరకండి. ముందు ఆపరేషను సదుపాయం ఉన్న దగ్గరి ఆసుపత్రికి చేర్చండి. పాత స్కానులు, మందుల చీటీలు వెంట తీసుకురండి.

నొప్పికి కారణం అల్సరు, అపెండిసైటిస్, మార్ఫిన్ వల్ల వచ్చే మలబద్ధకం కూడా కావచ్చు. ఎక్స్‌రే, స్కాను చూసి డాక్టరే తేల్చాలి. చిల్లు పడితే చాలావరకు ఆపరేషను చేసి ఆ భాగాన్ని తీసివేస్తారు. దీనివల్ల క్యాన్సరు నయం కాదు, అప్పటి ప్రాణాపాయం తప్పవచ్చు. రోగి మరీ బలహీనంగా ఉంటే ఆపరేషను తగినదా కాదా అని రోగితోను, డాక్టరుతోను మాట్లాడి నిర్ణయించుకోండి. ఏ నిర్ణయమైనా, నొప్పి తగ్గించే వైద్యం మాత్రం తప్పక ఉంటుంది.