లైటు ఆరితే వాల్వ్ మూసుకున్నట్టేనా? కంట్రోల్ రూమ్ స్క్రీన్ల కథ

విశాఖ నుంచి గల్ఫ్ రిఫైనరీల దాకా మనవాళ్లు కంట్రోల్ రూమ్‌లలో ప్యానెల్ ఆపరేటర్లుగా పనిచేస్తున్నారు. ‘స్క్రీన్ చూస్తూ కూర్చోవడమే కదా’ అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కానీ పైపుల్లో ఏం జరుగుతోందో ఆపరేటర్ కళ్లతో చూడలేడు. స్క్రీన్ ఎంత చెబితే అంతే. అది సరిగ్గా చెప్పకపోతే ఏమవుతుంది?

1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒత్తిడి పెరిగి రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంది. ఒత్తిడి తగ్గాక అది మూసుకోవాలి. మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద లైటు మాత్రం ఆరిపోయింది. ఎందుకంటే ఆ లైటు చూపేది వాల్వ్‌కు వెళ్లిన సిగ్నల్‌నే, వాల్వ్ ఎలా ఉందో కాదు. రియాక్టర్‌లో నీరెంత ఉందో నేరుగా చూపే మీటరు కూడా లేదు. మరోచోట మట్టం ఎక్కువగా కనిపించడంతో ఆపరేటర్లు అత్యవసర నీటిని తగ్గించేశారు. తొలి నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. లీకును పట్టించే ట్యాంకు మీటరేమో ప్యానెల్ వెనకవైపు ఉంది. రెండు గంటలకు పైగా లీకు సాగింది. రియాక్టర్ కోర్‌లో దాదాపు సగం కరిగిపోయింది.

1994లో బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలోనూ ఇలాంటిదే జరిగింది. పేలుడుకు ముందు సుమారు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయి. 26 మంది గాయపడ్డారు.

రెండు చోట్లా సమాచారం ఉంది, కానీ కావలసింది కావలసిన చోట లేదు. అందుకే ఇప్పుడు మంచి డిజైనర్లు ముందు ఆపరేటర్లనే అడుగుతారు: ఏ నిర్ణయానికి ఏ అంకె కావాలి?

అక్కడి నుంచి కొన్ని నియమాలు వచ్చాయి. ఆదేశం వెళ్లిందని చెబితే చాలదు, పని జరిగిందో లేదో చూపాలి. లోపలికి వచ్చేదీ బయటకు పోయేదీ ఒకే స్క్రీన్ మీద ఉండాలి. అంకెతో పాటు అది పెరుగుతోందా తగ్గుతోందా తెలిపే గీత కావాలి. స్క్రీన్ మామూలుగా బూడిద రంగులో ఉండి, తేడా వచ్చినప్పుడే ఎరుపు కనిపించాలి. మామూలు రోజుల్లో సగటున 10 నిమిషాలకు ఒక అలారం మించకూడదన్నది పరిశ్రమలో అందరూ చెప్పే కొలత.

ఊరికే మోగే అలారాన్ని ఆపేసి ఊరుకోవద్దు, లాగ్‌బుక్‌లో రాయండి. ఆ రాత స్క్రీన్‌ను మార్పిస్తుంది. అది షిఫ్టులో ఉన్న అందరి ప్రాణాలకూ రక్షణ.