టెలిఫోను తీగపై సమాచార సంపీడనము

మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్టును అందించినది. పిమ్మట చాలకాలము అది ఇండ్లకు టెలిఫోను తీగ మీదుగానే వచ్చెడిది. మోడెము ఎంత మేలైనదైనను సెకనుకు 56,000 బిట్లకు, అనగా 7,000 బైట్లకు, మించి తేలేదు. తీగ కలిసియున్నంతసేపు రుసుము పెరుగుచుండెడిది. తీగ వేగము పెరుగనపుడు పంపు మూటనే తగ్గింపవలెను గదా!

ఉప్పల్, నాచారం అను పేర్లనే చూడుడు. నేటి యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క పేరుకు 6 సంకేతములు, సంకేతమునకు 3 బైట్లు, వెరసి 18. ఆ మూడింటిలో మొదటి బైటు ప్రతి తెలుగు సంకేతమునకును 224 యే! రెండవది 176 గాని, 177 గాని. అసలు విశేషమంతయు మూడవదానిలోనే యున్నది. (ఈ దుబారా మన లిపిది కాదు, సంకేత పద్ధతిది.)

ఇట్టి పునరుక్తిని తొలగించు ఉపాయమును 1977, 1978లలో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు జాకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ చూపిరి. ఒకసారి పంపిన వరుస మరల వచ్చినచో దానికి బదులు ఒక చిన్న సంఖ్యను పంపుదురు. ఉప్పల్, నాచారం బస్సుల పట్టికలో ఆ పేర్లు 40 మారులు వచ్చినను పూర్తిగా పంపునది మొదటి కొన్నిసార్లే. అవతలి మోడెము తానును అదే నిఘంటువును కూర్చుకొనుచుండును గనుక దానిని వేరుగ పంపనక్కరలేదు. 70,000 బైట్ల పుట సగమైనచో 10 సెకనుల పని 5 సెకనులలో ముగియును.

జేపెగ్ చిత్రము మాత్రము తగ్గదు. అది ముందే గానుగాడిన చెరకు. కావున ఫోటోలున్న పుట ఎప్పటివలె నిదానముగనే దిగెడిది.