మేడ్చల్ లైను, మన్మాడ్ సభ: జంటనగరాల లోకల్ రైలులో కులం

రైలు చరిత్ర అనగానే మనకు చెప్పేవి మూడే సంగతులు. మొదటి ఇంజను ఎప్పుడొచ్చింది, స్టేషను ఎవరు కట్టించారు, ప్రారంభోత్సవానికి ఏ పెద్దమనిషి వచ్చాడు. పట్టాల కింద కంకర సర్దిన చేతులు ఏ కులానివి? ఆ బండి ఎక్కి ఎవరు ఏ పనికి పోతున్నారు? ఈ ప్రశ్నలు ఆ చరిత్రల్లో కనిపించవు. హైదరాబాదు, సికింద్రాబాదుల మధ్య నడిచే లోకల్ రైలును, జనం ఎం.ఎం.టి.ఎస్. అని పిలుచుకునే బండిని, మేము ఈ రెండు ప్రశ్నలతో చదవదలచుకున్నాం.

బండి పుట్టింది 2003 ఆగస్టులో. పట్టాలు మాత్రం చాలా పాతవి. 1874లో వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు లైను పడింది. వాడి అప్పటికే బొంబాయి-మద్రాసు దారిలో ఉంది. సికింద్రాబాదులో ఇంగ్లీషువాళ్ళ దండు ఉంది. డబ్బు నిజాం ఖజానాది, అవసరం దండుది. ఇవాళ లింగంపల్లి, బేగంపేటల మీదుగా సికింద్రాబాదు చేరే లోకల్ బండి ఆ దారినే నడుస్తున్నది. 1883లో ఈ రైల్వేను లండను కంపెనీ చేతికిచ్చేటప్పుడు పెట్టిన షరతు చూడండి: లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు వడ్డీ సంస్థానమే పూచీ పడాలి. అందుకే దాని పేరులో ‘గ్యారంటీడ్’ అన్న మాట చేరింది. దీన్ని ప్రశ్నించినందుకు అఘోరనాథ చట్టోపాధ్యాయను సంస్థానం నుంచి వెళ్ళగొట్టారు. చాందా రైల్వే ఆందోళనగా చరిత్ర పుస్తకాల్లో దానికి మంచి చోటే ఉంది. ఉండాల్సిందే. కాని అది చదువుకున్నవాళ్ళ ఆందోళన. ఆ వడ్డీ ఎవరి చెమట నుంచి రావాలో ఆ పల్లెల గొంతు అందులో వినపడదు.

తర్వాత లైన్లు పెరిగాయి. 1889 నాటికి బెజవాడ దాకా పోయింది. లాలాగూడలో వర్కుషాపు వచ్చింది. ఆ శతాబ్దం చివర్లో సికింద్రాబాదు నుంచి బొల్లారం, మేడ్చల్, నిజామాబాదు, ఔరంగాబాదుల మీదుగా మన్మాడ్ దాకా మీటర్ గేజి లైను వేశారు. కాచిగూడ స్టేషను 1916 నాటిది. అక్కడినుంచి ఫలక్‌నుమా మీదుగా పాలమూరు పోయే లైను, బతకలేక పట్నం వచ్చే కూలీల దారి కూడా అయింది. రైల్వేను 1930లో నిజాం ప్రభుత్వం కొనేసింది, 1951లో అది కేంద్రం కిందికి పోయింది, 1966లో సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

ఇక్కడ మన్మాడ్ దగ్గర కాసేపు ఆగాలి. నిజాం లైను అక్కడ బొంబాయి వైపు నుంచి వచ్చే జి.ఐ.పి. రైల్వేను కలిసేది. కంపెనీలు వేరు, కాని పట్టా మీది కులం ఒకటే. 1938 ఫిబ్రవరిలో ఆ మన్మాడ్‌లోనే జి.ఐ.పి. రైల్వేలో పనిచేసే అంటరాని కులాల కార్మికుల సభ జరిగింది. అధ్యక్షుడు అంబేద్కర్. బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుడికి శత్రువులేనని ఆయన చెప్పింది ఈ సభలోనే. ఆ మాట మన గోడల మీద చాలాసార్లు కనపడుతుంది. దాని వెనక ఆయన చెప్పిన రైల్వే లెక్క మాత్రం ఎక్కువమందికి తెలియదు. అంటరానివాడు గ్యాంగుమన్‌గా చేరి గ్యాంగుమన్‌గానే ముసలివాడవుతున్నాడు. పై మెట్టు అతనికి అందడమే అరుదు. పోర్టరు పని పెద్ద చదువు అడిగే పని కాదు, అదీ అతనికి రాదు. ఎందుకు? స్టేషను మాస్టరు పోర్టరు చేత ఇంటిపని కూడా చేయించుకుంటాడు. అంటరానివాడు గడప దాటి లోపలికి రాకూడదు కదా! అంటే రైల్వే ఉద్యోగాన్ని రైల్వే రూల్సు కాదు, మాస్టరు గారి వంటిల్లు నిర్ణయిస్తున్నది.

ఇట్లా విడిగా సభ పెడితే కార్మికవర్గం చీలిపోతుందని అప్పుడే కొందరు నాయకులు గొడవ చేశారు. చీల్చింది ఎవరు? ఒకే పట్టా మీద పనిచేసేవాళ్ళలో ఒకడికి మెట్లు పెట్టి ఇంకొకడికి పెట్టనివాళ్ళు కాదా? కార్మికుడికి కార్మికుడే శత్రువయ్యేట్టు చేసే ఈ కారణాన్ని ముందు తొలగించాలన్నదే అంబేద్కర్ జవాబు.

ఆ మెట్ల కొట్లాట స్వాతంత్ర్యం వచ్చాక కోర్టులకు ఎక్కింది. విశేషమేమంటే ప్రమోషన్లలో రిజర్వేషన్ మీద పెద్ద కేసులు చాలావరకు రైల్వేవే. 1961లో రంగాచారి కేసులో, రిజర్వేషన్ ఉద్యోగంలో చేరేటప్పుడే కాదు, ప్రమోషన్‌లోనూ ఇవ్వొచ్చునని సుప్రీంకోర్టు చెప్పింది. అది దక్షిణ రైల్వే కేసు. 1981లో రైల్వే ప్రమోషన్ల రిజర్వేషన్‌ను కొట్టేయమని కోర్టుకు పోయినవాళ్ళ సంఘం పేరు అఖిల భారతీయ శోషిత్ కర్మచారి సంఘ్. శోషితులట! జస్టిస్ కృష్ణయ్యర్ ఉన్న బెంచి వాళ్ళ వాదన ఒప్పుకోలేదు. 1992లో మండల్ తీర్పు ప్రమోషన్ల తలుపు మూసింది, 1995లో 77వ సవరణ తెరిచింది. అదే ఏడు రైల్వే గార్డుల సీనియారిటీ కేసు, వీర్‌పాల్ సింగ్ చౌహాన్ కేసు, ఆ తలుపును మళ్ళీ సగం మూసింది. దాన్ని సరిచేయడానికి 2001లో 85వ సవరణ కావలసి వచ్చింది. మన్మాడ్‌లో గ్యాంగుమన్ గురించి అడిగిన ప్రశ్నకు రాజ్యాంగం రెండుసార్లు మారవలసి వచ్చిందన్నమాట.

అయితే మెట్లు ఎక్కేలోపలే మేడ కూలిపోతున్నది. స్టేషన్లు ఊడ్చే పని కాంట్రాక్టుకు పోయింది. కాంట్రాక్టరుకు రిజర్వేషన్ రోస్టరు లేదు, కాని చీపురు పట్టేవాళ్ళ కులం మాత్రం మారలేదు. పట్టాల మీది మలం సంగతి మరీ ఘోరం. పాకీపనిని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చింది. దూరం పోయే బండ్ల మరుగుదొడ్లు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి పట్టాల మీదనే ఖాళీ అయ్యాయి. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చిలో తీర్పునిచ్చి, దీన్ని ఆపడానికి గడువు పెట్టుకుని పనిచేయమని రైల్వేలను ఆదేశించింది. బయో టాయిలెట్లు పెట్టడం ఆ తర్వాతే ఊపందుకుంది. లోకల్ బండికి మరుగుదొడ్డే లేదు. కాని అదే పట్టా మీద ఎక్స్‌ప్రెస్సులూ పోతాయి, ఆ పట్టాను బాగుచేసే మనిషీ ఒక్కడే.

ఇప్పుడు బండి లోపలికి పోదాం. 2003లో సికింద్రాబాదు, నాంపల్లి నుంచి లింగంపల్లికి, 2004లో ఫలక్‌నుమాకు బండ్లు నడిచాయి. ఖర్చు రైల్వే, రాష్ట్రం చెరిసగం. హైటెక్ సిటీ పేరుతో ఒక స్టేషను వెలిసింది. కంప్యూటరు ఉద్యోగుల కోసమే ఈ బండి అన్నట్టు అప్పట్లో ప్రచారం జరిగింది. ఎక్కినవాళ్ళు వేరే కూడా ఉన్నారు. భరత్‌నగర్‌లో, బోరబండలో, యాకుత్‌పురాలో ఎక్కి అపార్టుమెంట్లలో గిన్నెలు తోమడానికి పోయే ఆడవాళ్ళు, అడ్డా కూలీలు, సెక్యూరిటీ గార్డులు, సిమెంటు పని మేస్త్రీలు. కారణం టికెట్టు. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు దాని కనీస చార్జీ 10 రూపాయలు, లోకల్‌లో 5. దారిలో సంజీవయ్య పార్క్ అని ఒక స్టేషను ఉంది. 1960లో ఈ దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు అట్లా పార్కు మీదుగా రైలెక్కింది.

చవక బండికి ఒక జబ్బుంది. దానికి సొంత పట్టా లేదు. ఎక్స్‌ప్రెస్సు వస్తే ఆగాలి, ఒక్కోసారి గూడ్సుకూ ఆగాలి. అరగంట ఆలస్యమైతే ఆఫీసరు ఫోను చేసి చెప్తాడు. పనిమనిషికి ఆ పూట జీతం కోత. రైలు, బస్సు కలిసిన ఏర్పాటు అని పేరులోనే ఉన్నా, స్టేషను బయట బస్సు దొరకడం ఎప్పుడూ అదృష్టమే.

2020 మార్చిలో కరోనాకు అన్నీ ఆగాయి. మెట్రో ఆ సెప్టెంబరులో మళ్ళీ మొదలైంది. ఎం.ఎం.టి.ఎస్. మొదలైంది 2021 జూన్ 23న. ఆగకముందు రోజుకు 120 పైచిలుకు సర్వీసులు తిరిగిన బండి అది. మెట్రో కన్నా తొమ్మిది నెలలు వెనక! ఆ తొమ్మిది నెలలు షేర్ ఆటోలకు కట్టిన డబ్బును ఏ కమిటీ లెక్క వేసింది? ఎవరి బండి ముందు తిరగాలో నిర్ణయించేచోట ఆ బండి ఎక్కేవాళ్ళు లేరు. మన్మాడ్‌లో ఉద్యోగాల గురించి అడిగిన ప్రశ్న ఇక్కడ టైంటేబుల్ రూపంలో ఎదురైంది.

రెండో దశకు 800 కోట్ల పైన అంచనా వేశారు. మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలి. 2013 ప్రాంతంలో మొదలైన పని డబ్బు తగాదాల్లో పదేళ్ళు సాగింది. మేడ్చల్‌కు, ఉందానగర్‌కు లోకల్ బండి 2023 ఏప్రిల్‌లో పోయింది. మౌలాలి, సనత్‌నగర్ మీదుగా ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి 2024 మార్చిలో. ఊరి నడుమ అద్దె కట్టలేక జనం తరలిపోయింది ఈ శివార్లకే. మేడ్చల్, ఉందానగర్ ప్రారంభం నాడు జంటనగరాల శివార్లకు ప్రకటించిన కొత్త సర్వీసులు మొత్తం కలిపి 13.