వార్తల్లో పదం: సెక్షన్ 87

పదహారేళ్ల కొడుకు మద్యానికో గంజాయికో అలవాటు పడ్డాడని తెలిస్తే, ప్రొద్దుటూరైనా, జమ్మలమడుగైనా, పులివెందులైనా కన్నవాళ్ల కంగారు ఒకటే. ఏదో ఒక డీ-అడిక్షన్ కేంద్రంలో వదిలి వచ్చేద్దామనిపిస్తుంది. చట్టం అందుకు ఒప్పుకోదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 మద్యం, మత్తుమందుల వల్ల కలిగే స్థితులనూ మానసిక అనారోగ్యంగానే చూస్తుంది. 18 ఏళ్లలోపు వారిని చేర్చుకునే పద్ధతి 87వ సెక్షన్‌లో ఉంది. సంరక్షకులు దరఖాస్తు చేయాలి. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. వారిలో ఒకరు తప్పనిసరిగా సైకియాట్రిస్టే. ఇంటిపట్టున ఉంచి చేసే వైద్యం ఫలించలేదనో, సరిపోదనో తేలాలి. పిల్లవాడి ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే నిబంధన వేరే ఉంది. పిల్లల్ని పెద్దల వార్డులో కలపకూడదు, ఉన్నన్నాళ్లూ సంరక్షకులో, వారు నియమించిన తోడో పక్కనే ఉండాలి. కూలికి పోయే తల్లికి అదెంత కష్టం! చేరిన సంగతి 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు చేరాలి. 30 రోజులు దాటితే మళ్లీ సమీక్ష తప్పదు.

చేర్పించేముందు కేంద్రం రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడగండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు రాత్రైనా పగలైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.