మూసిన యాప్ పిడుగు సంగతి చెప్పదు

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు నియోజకవర్గంలోని విస్సన్నపేట మామిడి సీమ. ఇక్కడ కాయ కోతకొచ్చే రోజులూ, మధ్యాహ్నం దాకా మండిన ఎండ సాయంత్రానికి గాలిదుమారంగా మారి పిడుగులు కురిసే రోజులూ ఒక్కటే. ఏప్రిల్, మే నెలల్లో చెట్టు కింద ఉన్న మనిషికి అరగంట ముందు అందే కబురు ప్రాణంతో సమానం. ఆ కబురు చెప్పడానికే పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ‘దామిని’ యాప్ తయారు చేసింది. ఫోన్ ఉన్న చోటును జీపీఎస్‌తో తెలుసుకుని, 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల జాడ ఉంటే హెచ్చరిస్తుంది. అయితే ఆ యాప్ ఉన్న ఫోన్లలోనే మరో అలవాటూ ఉంటుంది. పని అయిందో లేదో రీసెంట్ యాప్స్ తెరిచి అన్నిటినీ పైకి తోసేయడం, ‘క్లియర్ ఆల్’ నొక్కడం, అదీ చాలదనిపిస్తే సెట్టింగుల్లోకి వెళ్లి ఫోర్స్ స్టాప్ చేయడం. బ్యాటరీ మిగులుతుందని, ఫోన్ వేగం పెరుగుతుందని చాలామంది నమ్మకం. ఈ నమ్మకం చాలావరకు తప్పు. అన్నీ మూసేసినా బ్యాటరీ తినే యాప్ తింటూనే ఉంటుంది, మనకు కావలసిన యాప్ మాత్రం మూగబోతుంది.

ముందు ర్యామ్ సంగతి. మన ఇళ్లలో వంటగట్టు, అటక రెండూ ఉంటాయి. స్టోరేజీ అటక, ర్యామ్ వంటగట్టు. ఉదయం వాడిన పోపుల డబ్బా గట్టు మీదే ఉంటే మధ్యాహ్నం చేతికి అందుతుంది. వాడగానే అటక ఎక్కించేవాళ్లు ప్రతి పూటా నిచ్చెన వేసుకోవాలి. ఒకసారి తెరిచి వదిలేసిన యాప్‌ను ఆండ్రాయిడ్ ఆ గట్టు మీద ఉంచుతుంది. అక్కడ ఉన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు. కొత్త వెర్షన్లలోనైతే అలా పక్కన ఉన్న యాప్‌లకు ప్రాసెసర్ అందకుండా స్తంభింపజేసే ఏర్పాటు కూడా ఉంది. చోటు చాలకపోతే ఏది ముందు తీసేయాలో ఫోన్ వరుస పెట్టుకుంటుంది. కంటి ముందున్నది చివర, చాలాసేపటి నుంచి ముట్టనిది ముందు. ఆ పని చూసే భాగానికి లో మెమరీ కిల్లర్ అని పేరు. మనం వేలితో చేసే పని అది మనకన్నా తెలిసి చేస్తుంది, ఎందుకంటే ఏ యాప్ ఎంత చోటు పట్టిందో, ఏది ఎప్పుడు వాడామో దాని దగ్గర లెక్క ఉంటుంది. ఖాళీ ర్యామ్‌కూ నిండిన ర్యామ్‌కూ కరెంటు ఖర్చు దాదాపు ఒకటే, ఎందుకంటే చిప్ మొత్తానికీ విద్యుత్తు అందుతూనే ఉంటుంది. కాబట్టి ‘1.2 జీబీ ఖాళీ అయింది’ అని తెర మీద కనిపించే అంకె వల్ల బ్యాటరీకి కలిసొచ్చేదేమీ లేదు.

పైగా నష్టం ఉంది. పూర్తిగా మూసిన యాప్‌ను మళ్లీ తెరిస్తే దాని కోడ్ స్టోరేజీ నుంచి రావాలి, దానికో ప్రాసెస్ పుట్టాలి, తెర మొదటి నుంచీ గీయాలి. యాప్ రాసేవాళ్లకు గూగుల్ పెట్టిన కొలతలు చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. మొదటి నుంచి మొదలయ్యే యాప్‌కు 5 సెకన్లు, సిద్ధంగా ఉన్న యాప్ మళ్లీ కళ్ల ముందుకు రావడానికి 1.5 సెకన్లు పడితే మరీ ఆలస్యమని అది లెక్కేస్తుంది. రోజుకు నలభైసార్లు వాట్సాప్ తెరిచే మనిషి ప్రతిసారీ దాన్ని మూస్తే, ప్రాసెసర్‌తో నలభైసార్లు మొదటి పని చేయిస్తున్నట్టే. 2016లో ఈ ప్రశ్న లేచినప్పుడు, అప్పట్లో ఆండ్రాయిడ్ బాధ్యతలు చూస్తున్న హిరోషీ లాక్‌హైమర్ కూడా యాప్‌లు మూసేయడం బ్యాటరీకి మేలు చేయదని, ఏదో యాప్ నిజంగా గాడి తప్పితే తప్ప కొంచెం చెరుపే జరగొచ్చని చెప్పారు. ఆ ‘గాడి తప్పితే తప్ప’ అన్నదే ఈ వ్యవహారంలో అసలు కీలకం. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

రీసెంట్స్ నుంచి తోసేయడం, ఫోర్స్ స్టాప్, ఆటోస్టార్ట్ ఆపడం మూడూ ఒకటేనన్నది రెండో అపోహ. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. రీసెంట్స్ నుంచి తోసేస్తే మామూలు ఆండ్రాయిడ్‌లో ఆ తెర పోతుంది. దాని ప్రాసెస్ కాసేపు మిగలవచ్చు, కబుర్లు మాత్రం వస్తూనే ఉంటాయి. ఎందుకంటే వాట్సాప్ లాంటి యాప్‌లు కబురు కోసం మెలకువగా కూర్చోవు. గూగుల్ ప్లే సర్వీసెస్ ఒక్కటే సర్వర్‌తో దారం పట్టుకుని ఉంటుంది, కబురు రాగానే సంబంధిత యాప్‌ను లేపుతుంది. ఊరందరి ఉత్తరాలకూ ఒకే పోస్ట్‌మ్యాన్ ఉన్నట్టు. ఫోర్స్ స్టాప్ వేరు. 2011 నాటి ఆండ్రాయిడ్ 3.1 నుంచీ దానికి గట్టి అర్థం ఉంది. ఆ యాప్ ‘ఆగిన స్థితి’లోకి పోతుంది. అది పెట్టుకున్న అలారాలు రద్దవుతాయి, పోస్ట్‌మ్యాన్ దాని తలుపు తట్టడు. మళ్లీ మనమే తెరిచే దాకా అంతే. దామినిని ఫోర్స్ స్టాప్ చేసి తోటకు వెళ్లిన రైతు జేబులో ఆ యాప్ ఉందన్న భరోసా ఉంటుంది, హెచ్చరిక ఉండదు. యాప్ లేకపోవడం కన్నా ఇది ప్రమాదం. యాప్ లేని మనిషి కనీసం ఆకాశం వైపైనా చూస్తాడు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే పౌరసేవలు మొదలుపెట్టాక, వాట్సాప్‌ను ఆపి ఉంచడమంటే సర్కారు కబురునూ గుమ్మం బయట నిలబెట్టడమే. నున్న మామిడి మార్కెట్‌లో ఈ పూట ధర ఎంత పలికిందో తెలిసినవాళ్లు పంపే సందేశమూ అంతే.

ఇక మూడో దారి ఆటోస్టార్ట్. ఫోన్ ఆన్ అయినప్పుడు ఆండ్రాయిడ్ ‘బూట్ పూర్తయింది’ అని ఒక చాటింపు వేస్తుంది. అది వినడానికి అనుమతి తీసుకున్న యాప్‌లు ఒక్కసారి లేచి తమ అలారాలు, సింక్ పనులు సర్దుకుంటాయి. కంప్యూటర్‌లో స్టార్టప్ ప్రోగ్రాములు తగ్గిస్తే వేగం పెరుగుతుందన్న అనుభవాన్ని ఫోన్‌కు అతికించడం వల్ల, అన్నిటికీ ఆటోస్టార్ట్ ఆపేయమనే సలహా పుట్టింది. కంప్యూటర్‌ను రోజూ ఆన్ చేస్తాం. ఫోన్‌ను వారానికోసారి రీస్టార్ట్ చేయడమే ఎక్కువ. ఆ ఒక్క నిమిషంలో మిగిలే సెకన్ల కోసం ఏడు రోజుల అలారాలు పోగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా లాభం కాదు. దీంట్లో చాలామంది గమనించని ముడి ఇంకొకటి ఉంది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 తర్వాత, రీస్టార్ట్ అయిన ఫోన్‌కు ఒకసారి పిన్ కొట్టి తాళం తీసేదాకా ఎక్కువ యాప్‌లు తమ డేటాను ముట్టుకోలేవు. అలారం గడియారం, ఫోన్ కాల్స్ లాంటివి పనిచేస్తాయి కానీ చాలా యాప్‌ల కబుర్లు రావు. రాత్రి కరెంటు పోయి ఛార్జింగ్ అయిపోయిన ఫోన్‌ను తెల్లవారి ఆన్ చేసి, తాళం తీయకుండానే జేబులో వేసుకుని వెళ్తే జరిగేది ఇదే. నింద మాత్రం యాప్ మీద పడుతుంది.

క్లీనర్, బూస్టర్ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇతర యాప్‌లను ఇష్టం వచ్చినట్టు ఆపే అధికారాన్ని ఆండ్రాయిడ్ 2010లోనే కత్తిరించడం మొదలుపెట్టింది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14తో ఆ ఆజ్ఞ, దాన్ని ఇచ్చే యాప్ సొంత ప్రాసెస్‌లకు తప్ప మరి దేనికీ చెల్లకుండా పోయింది. అంటే కొత్త ఫోన్‌లో బయటి నుంచి తెచ్చుకున్న బూస్టర్ ‘పన్నెండు యాప్‌లు మూసేశాను’ అంటే, ఆ పని మామూలు దారిలో అది చేయగలిగింది కాదు. అది మాత్రం నోటిఫికేషన్ బార్‌లో కూర్చుని, ప్రకటనలు లాగుతూ బ్యాటరీ తింటుంది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో క్లీన్ మాస్టర్, డీయూ బ్యాటరీ సేవర్, డీయూ క్లీనర్ కూడా ఉన్నాయి. దేశ భద్రత, సమాచార గోప్యత కారణాలుగా చెప్పిన నిషేధం అది, ఫోన్ వేగానికి సంబంధించింది కాదు. అయినా ఒక విషయం గుర్తు చేస్తుంది. శుభ్రం చేస్తానని వచ్చే యాప్‌కు మనం ఇచ్చే అనుమతులు చిన్నవి కావు. డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ‘బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ లిమిట్’ను సున్నాకు తెమ్మని వీడియోల్లో చెప్పే చిట్కా కూడా ఈ కోవలోదే. బ్యాంకు యాప్‌లో వివరాలు నింపుతూ ఓటీపీ చూడ్డానికి మెసేజ్‌లలోకి వెళ్లి తిరిగొస్తే, నింపిందంతా పోయి మొదటి పేజీ కనిపించే అవకాశం ఉంది. ఫోన్ రీస్టార్ట్ అయితే ఆ సెట్టింగ్ ఎలాగూ పోతుంది.

యాప్‌లు మూయొద్దన్న మాటకు గట్టి అభ్యంతరమే వస్తుంది. ‘మా ఫోన్ 3 జీబీది, అన్నీ మూసేస్తే నిజంగానే తేలికపడుతుంది’ అని. అది భ్రమ కాదు. ర్యామ్ తక్కువ ఉన్న ఫోన్‌లో పెద్ద ఆట ఒకటి, వీడియో యాప్ ఒకటి కలిస్తే గట్టు ఇరుకవుతుంది. ఫోన్ మెమరీని కుదించి దాచడానికి, ఒకదాన్ని దించి మరొకటి ఎక్కించడానికే ప్రాసెసర్ అలసిపోతుంది. అలాంటప్పుడు ఆ ఆటను మూయడం సబబే. కానీ మూయాల్సింది దాన్నొక్కదాన్నే, దాంతోపాటు పిడుగు హెచ్చరికను కాదు. చాలాసార్లు అసలు కారణం ర్యామ్ కూడా కాదు. గ్రూపుల్లో వచ్చిన ఫొటోలు, వీడియోలతో 64 జీబీ స్టోరేజీ అంచుదాకా నిండితే ఫోన్ కదలదు. నలభై డిగ్రీలు దాటిన ఎండలో చొక్కా జేబులో ఉన్న ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఊరికి దూరంగా, పుట్రేల వైపో కొండపర్వ వైపో, ఏ తోటలోనైనా టవర్ అందీ అందని చోటుంటే రేడియో గట్టిగా అరిచి మాట్లాడాల్సి వస్తుంది. బ్యాటరీ అక్కడ కరుగుతుంది. ఈ మూడింటిలో ఏదీ రీసెంట్స్ తుడిస్తే తగ్గదు.

రెండో అభ్యంతరం ఇంకా న్యాయమైనది. ‘ఆండ్రాయిడే అన్నీ చూసుకుంటే, కొన్ని యాప్‌లు రాత్రికి రాత్రి పాతిక శాతం ఛార్జింగ్ ఎలా తింటున్నాయి?’ నిజమే, తింటాయి. ఇందాక చెప్పిన గాడి తప్పిన యాప్‌లు ఇవే. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ ఏర్పాటు, కదలకుండా పడి ఉన్న ఫోన్‌లో యాప్‌లను కలిపి నిద్రపుచ్చి అప్పుడప్పుడే లేపుతుంది. ఆండ్రాయిడ్ 8 బ్యాక్‌గ్రౌండ్ పనులకు హద్దు గీసింది. ఆండ్రాయిడ్ 9 యాప్‌లను వాడకాన్ని బట్టి మెట్లుగా విడదీసి, అరుదుగా వాడేవాటికి అవకాశాలు తగ్గించింది. అయినా లొకేషన్ ఎప్పుడూ చూస్తానని, నోటిఫికేషన్ పెట్టి నడుస్తూనే ఉంటానని అనుమతి తీసుకున్న యాప్ ఈ హద్దుల మధ్య నుంచి జారిపోగలదు. ఆ అనుమతి ఇచ్చింది మనమే, దాన్ని వెనక్కి తీసుకోగలిగిందీ మనమే. రీసెంట్స్ నుంచి తోసేస్తే అనుమతి చెక్కుచెదరదు. అందుకే తోసేసిన పది నిమిషాలకే అది మళ్లీ లేస్తుంది, మనం మళ్లీ తోస్తాం. చేయాల్సింది సెట్టింగుల్లో బ్యాటరీ వాడకం పట్టిక తెరవడం. పైన ఉన్న యాప్‌ను మనం తెర మీద ఎంతసేపు చూశామో, వెనక అది ఎంతసేపు నడిచిందో అక్కడ రాసి ఉంటుంది. చూడకుండానే గంటలు నడిచిన యాప్ అవసరం లేనిదైతే తీసేయాలి. ఫోన్‌తోపాటే వచ్చి తీయడానికి వీల్లేనిదైతే డిసేబుల్ చేయాలి. ఉంచుకోవాల్సిందే అయితే దాని బ్యాటరీ సెట్టింగ్‌ను ‘రిస్ట్రిక్టెడ్’కు మార్చి, లొకేషన్‌ను ‘యాప్ వాడేటప్పుడు మాత్రమే’ అని పెట్టాలి.

మూడో మాట ఫోన్ కంపెనీల గురించి. బ్యాటరీ ఎక్కువ రోజులు వస్తుందని చెప్పుకోవడానికి కొన్ని కంపెనీలు గూగుల్ పెట్టిన హద్దుల కన్నా కఠినమైన సొంత హద్దులు పెడతాయి. అలాంటి కొన్ని ఫోన్లలో రీసెంట్స్ నుంచి తోస్తేనే దాదాపు ఫోర్స్ స్టాప్ చేసినంత పనవుతుంది. షావోమీలో ఆటోస్టార్ట్, ఒప్పో, రియల్‌మీల్లో ఆటో లాంచ్, శాంసంగ్‌లో స్లీపింగ్ యాప్స్, డీప్ స్లీపింగ్ యాప్స్ అని పేర్లు వేరైనా ఉద్దేశం ఒకటే. డీప్ స్లీపింగ్ జాబితాలో చేరిన యాప్ మనం తెరిస్తే తప్ప నడవదు. ఏడాదిలో కొన్ని నెలలే పనికొచ్చే దామిని లాంటి యాప్‌ను ‘వాడటం లేదు’ అని ఫోన్ తనంతట తానే ఇలాంటి జాబితాలోకి తోయడానికి ఆస్కారం ఎక్కువ. కొన్ని నెలలు తెరవని యాప్ నుంచి లొకేషన్ లాంటి అనుమతులను వెనక్కి తీసుకోవడం కూడా ఆండ్రాయిడ్ 11 నుంచీ ఉంది. రోజూ తెరిచే వీడియో యాప్‌కు పెద్దపీట, ఏడాదికోసారి ప్రాణం కాపాడే యాప్‌కు కటిక చీకటి. దేని విలువ ఎంతో ఫోన్ వాడకాన్ని బట్టి కొలుస్తుంది, మన అవసరం దానికి తెలియదు. మనిషి తప్పక కలగజేసుకోవాల్సిన చోటు ఇదే, మనం పట్టించుకోనిదీ ఇదే.

పిడుగు హెచ్చరికలు ఎస్ఎంఎస్‌గానూ వస్తాయి కదా అనవచ్చు. వస్తాయి. ఎస్ఎంఎస్‌కు డోజ్ అడ్డురాదు. 2023లో దేశమంతా ఫోన్లు ఒక్కసారిగా మోగిన పరీక్షా సందేశం గుర్తుంటే, అది టవర్ నుంచి నేరుగా వచ్చే సెల్ బ్రాడ్‌కాస్ట్. దానికి ఏ యాప్ అక్కర్లేదు. అయితే ఇవి ఒక ప్రాంతం మొత్తానికి పంపేవి. మన చెట్టుకు పిడుగు ఎంత దూరంలో ఉందో జీపీఎస్ చూసి చెప్పే పని వేరు. రెండూ ఉంటే మంచిది, ఒకదాన్ని నమ్మి రెండోదాని నోరు నొక్కాల్సిన పని లేదు.

కాబట్టి మార్చి నెలాఖరున, కోతలు అందుకునే ముందు, ఒక పావుగంట చాలు. దామినిని ఒకసారి తెరిచి, లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ అని ఉందో లేదో చూడాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కూ విడిగా అనుమతి కావాలి కాబట్టి అదీ చూడాలి. బ్యాటరీ సెట్టింగ్ ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేసి, ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చేసి, స్లీపింగ్ జాబితాలో ఉంటే బయటికి తీయాలి. రీసెంట్స్‌లో తాళం గుర్తు పెట్టే వీలున్న ఫోన్లలో దానికి తాళం వేస్తే ‘క్లియర్ ఆల్’ నొక్కినా అది పోదు. సిస్టమ్ అప్‌డేట్ వచ్చాక కొన్ని ఫోన్లలో ఈ సెట్టింగులు మొదటికొస్తాయి, అప్పుడు మళ్లీ చూసుకోవాలి. వీలైతే పక్క తోటలో కాపలా ఉండేవాళ్ల ఫోన్ కూడా.