వెచ్చని నేల, దాని క్రింది మంట

గడచిన డిసెంబరులో తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట, మా ఎనిమిదవ తరగతి బాలిక తల్లిగారు నన్నొక ప్రశ్న అడిగిరి. వారి పెద్ద కుమారుడు పై చదువునకై దక్షిణ కొరియాకు వెళ్ళినాడు. అక్కడ మంచము లేని గదిలో నేలమీదనే పరుపు పరచుకొని నిద్రించుచున్నాడట. బయట మంచు కురియుచున్నను గది నేల మాత్రము వెచ్చగా నుండునట. "మాష్టారూ, నేల క్రింద మంట పెట్టుకొని పిల్లవాడు దానిమీద పడుకొనుట ప్రమాదము కాదా?" అని వారి సందేహము.

ఆ భయము నిరాధారమైనది కాదు. కొన్ని దశాబ్దముల క్రిందట కొరియాలోని తల్లులను ఈ భయమే శీతకాలపు రాత్రులందు నిద్రపోనీయలేదు. నేను ఆ దినమున సగము జవాబే చెప్పగలిగితిని. మన పిల్లలు అనేకులు చలిదేశములకు పోవుచున్నారు గనుక తక్కిన సగమును ఇక్కడ వ్రాయుచున్నాను.

కొరియా దేశీయులు ఈ పద్ధతిని ఒండోల్ అందురు. పాతకాలపు ఇంటిలో వంటయింటి నేల, గదుల నేలకంటె పల్లముగా నుండును. పొయ్యిలోని వేడియు పొగయు పైకి పోక, గది క్రింద రాళ్ళతో కట్టిన కాలువలలో ప్రవేశించి, ఆవలి వైపున పొగగొట్టము గుండ బయటపడును. కాలువలపై దళసరి రాతి పలకలు, వానిపై బంకమట్టి పూత, ఆపైన నూనె పట్టించిన కాగితము. ఒక్క మంటతో అన్నమును ఉడుకును, గదియు కాగును. రాయి మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారును గనుక సాయంకాలపు మంట తెల్లవారువరకు అక్కరకు వచ్చును. పొయ్యికి దగ్గరగా నుండు చోటు అన్నిటికంటె వెచ్చనిది. అది ఇంటి పెద్దలకు, అతిథులకు. మన ఇండ్లలో పడకకుర్చీ తాతగారిదైనట్లే.

ఈ యుక్తి కొరియా వారికే పరిమితము కాదు. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమునకు చెందిన రోమను శిల్పశాస్త్రజ్ఞుడు విట్రూవియస్, స్నానశాలల నేల క్రింద రెండడుగుల యెత్తు ఇటుక స్తంభములు కట్టి, వాని నడుమ వేడిగాలిని పారించు విధమును వివరించినాడు. క్రింది నేల పొయ్యివైపు వాలుగా నుండవలెననియు, లోపలికి విసరిన బంతి నిలువక పొయ్యి నోటికే దొర్లి రావలెననియు అతడు చెప్పిన పరీక్ష నాకు మిక్కిలి నచ్చినది. మన కాశ్మీరమునందును మసీదులలో, కొన్ని ఇండ్లలో రాతి నేల క్రింద కట్టెలు కాల్చు హమాము గదులున్నవి.

నేలనే ఏల కాచవలెను? గది మధ్య కుంపటి పెట్టినచో వేడెక్కిన గాలి తేలికయై కప్పునకు చేరును. తల వేడెక్కును, పాదములు చల్లగనే యుండును. నేల అంతయు వెచ్చగా నున్నచో వేడిమి పాదములకు స్పర్శవలనను, శరీరమంతటికి వికిరణమువలనను చేరును. అందులకు గొప్ప వేడిమి అక్కరలేదు. నివసించు గదులలో నేల ఉపరితలము 29 డిగ్రీల సెంటిగ్రేడును మించరాదని ఐరోపా నియమము.

ఇక అసలు ప్రమాదమునకు వత్తును. కట్టెలు కాల్చినంతకాలము పలకలలో పగులు పడినచో పొగ కంటబడును, కన్నులు మండును, జనులు మేల్కొందురు. 1950–53 నాటి యుద్ధము తరువాత, అడవులు తరిగిపోయిన ఆ దేశమున, బొగ్గుపొడితో చేసిన గుండ్రని దిమ్మలు కట్టెల స్థానమును ఆక్రమించినవి. వానిని యొంతాన్ అందురు. 22 రంధ్రములు గల దిమ్మ అందరి ఇండ్లలోను వాడుక. అది చౌక, గంటల తరబడి నిదానముగా కాలును. ఆ నిదానమే ముప్పు తెచ్చినది. గాలి చాలక కాలు బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు వాయువు వెడలును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువునకంటె ఈ వాయువుతో 200 రెట్లకు మించిన గట్టి బంధము నేర్పరచుకొనును. నేలలో వెండ్రుకవాసి పగులున్న చాలును. నిద్రించినవారు నిద్రలోనే పోయిరి. 1960 నుండి 1980 దశకము వరకు ఏ శీతకాలమును ఇట్టి మరణములు లేక గడువలేదు.

దీనికి నివారణ, మంటను నేల క్రిందినుండి తప్పించి దూరముగా నొకచోట నుంచి, వేడిని మాత్రము నీటితో గదిలోనికి పంపుట. బాయిలరులో కాగిన నీరు నేలలో పాతిన సన్నని గొట్టములలో తిరిగి, చల్లబడి, మరల బాయిలరు చేరును. నేడు ఆ తల్లిగారి కుమారుని వంటివారి గదులలో క్రింద మంట లేదు. గోరువెచ్చని నీరు ప్రవహించుచున్నది, అంతే.

క్రొత్త ఇంటిలో ఈ అమరిక సులభము, మొదటినుండియే దానికి చోటు విడిచి కట్టుదురు గనుక. కొరియాలోని అంతస్తుల ఇండ్లలో సాధారణముగా 210 మిల్లీమీటర్ల కాంక్రీటు పలకపై, క్రింది వారికి చప్పుడు వినబడకుండ ఒక మెత్తని పొర, దానిపై నురుగు కాంక్రీటు, ఆపైన గొట్టములు, వానిని కప్పుచు సుమారు 40 మిల్లీమీటర్ల సిమెంటు గచ్చు ఉండును. నేలలో పాతిన భాగమున గొట్టమునకు అతుకు ఉండరాదు. గచ్చు పోయకముందే ఒత్తిడితో నీరెక్కించి, కారుచున్నదేమో పరీక్షింపవలెను. పిదప కారినచో నేల పగులగొట్టుటకంటె గతి లేదు. గచ్చు వేసిన వెంటనే వేడినీరు వదలుట మరియొక పొరపాటు. అది వారముల తరబడి ఆరవలెను, తరువాత వేడిని దినదినము కొద్దికొద్దిగా పెంచవలెను. తొందరపడినచో బీటలు వారును.

పాత ఇంటి సంగతి వేరు. అక్కడ చిక్కు గొట్టములతో కాదు, ఇంటితోనే. పొరలన్నియు వేసినచో నేల నాలుగైదు అంగుళములు పైకి వచ్చును. తలుపులు కోయవలెను, మెట్లు సరిపడవు, అసలే తక్కువైన కప్పు ఇంకను దిగినట్లుండును. లేదా పాత నేలను త్రవ్వవలెను. త్రవ్వినచో గోడల పునాది, కొయ్య స్తంభముల మొదలు, భూమిలోని చెమ్మ అన్నియు చూచుకొనవలసి యుండును. క్రింద వేడి నిలుపు పొర లేనిచో భూమిని కాచుటకే ఇంధనము ఖర్చగును. చెక్క దూలముల నేలయైనచో, దూలముల నడుమ అల్యూమినియము రేకులు పరచి వానిలో గొట్టములను అమర్చుదురు. గాడులు తీసిన పలుచని పలకలును దొరకుచున్నవి. విద్యుత్తు తీగల చాపలు ఇంకను పలుచన. ఒక చిన్న స్నానపు గదికి అవి చాలును గాని, ఇల్లంతటికి వేసినచో కరెంటు బిల్లు చూచి చెమట పట్టును. నా అభిప్రాయమున, కిటికీల సందులు మూయక, గోడలను, కప్పును బాగుచేయక నేలకు వేడి పెట్టుట చిల్లుకుండలో నీరు పోయుటయే. బెంగుళూరు డిసెంబరుకు ఇది కావలెనా అని కొందరు అడుగుదురు. అక్కరలేదు, ఒక చాప చాలును.

అయితే మంట గది బయటికి పోయినంతమాత్రమున అపాయము పూర్తిగా తొలగలేదు. 2018 డిసెంబరు 18న కొరియాలోని గంగ్‌నుంగ్ పట్టణమున ఒక విడిదిలో దిగిన పదిమంది విద్యార్థులు స్పృహ తప్పి కనబడిరి. వారు అప్పుడే కళాశాల ప్రవేశ పరీక్ష ముగించుకొని విహారమునకు వచ్చిన పిల్లలు. బాయిలరు పొగగొట్టపు అతుకు ఊడియుండెను. ముగ్గురు మరణించిరి. ఇన్ని సంవత్సరములు పరీక్షలకు పిల్లలను పంపిన నేను ఆ వార్తను తేలికగా చదువలేకపోతిని. అటుపిమ్మట 2020 నుండి, క్రొత్తగా గ్యాసు బాయిలరు అమర్చునప్పుడు కార్బన్ మోనాక్సైడు హెచ్చరిక గంట తప్పక పెట్టవలెనని అక్కడ శాసనము వచ్చినది.

ఇదే వాయువు మన ఇండ్లకును రాగలదు. కిటికీ మూసిన స్నానపు గదిలో గ్యాసు గీజరు వెలిగించుట, చలికి తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకొనుట, ఈ రెండును అట్టివే.

ఆ తల్లిగారికి నేను వ్రాసి ఇచ్చిన మాటలివి: బాయిలరు ఎక్కడ నున్నదో, దాని పొగగొట్టము గోడ దాటి బయటికి పోవుచున్నదో లేదో అబ్బాయిని స్వయముగా చూడుమనండి. హెచ్చరిక గంట ఉన్నదా అని ఇంటి యజమానిని అడుగుమనండి. లేనిచో ఒకటి కొనుమనండి. వెచ్చగా నున్నదని నేల వేడిని ఎక్కువ పెంచి ఒకే ప్రక్క పడుకొనరాదు. 44 డిగ్రీల వేడియైనను గంటల తరబడి తగిలినచో చర్మము కాలును. ఉదయము లేవగానే తలనొప్పి, వాంతి కలిగినచో ముందు కిటికీ తెరచి, బయటికి వచ్చి, తరువాతనే కారణము వెదకవలెను.

వారము దినముల తరువాత ఆమె పాఠశాలకు వచ్చిరి. బాయిలరు వెనుక వరండాలో నున్నదట, గొట్టము సరిగానే యున్నదట. గంట మాత్రము లేదట. ఇంటి యజమానురాలు ఆ సాయంకాలమే ఒకటి తెచ్చి గోడకు బిగించినదట.